సుజాతకు చెప్పాల్సింది మల్లేశన్నకు చెప్పాను

మనిషికి మాట్లాడటం నేర్పిస్తే ఎంత నష్టం జరుగుతుందో మీకు తెలియకపోతే నన్నడగండి. నేను ఒకే ఒక్క రోజు నేర్చుకున్నాను. వారం తిరగకముందే కట్టుకున్న భార్య పుట్టింట్లో కూర్చుంది, నాకు పని నేర్పిన పెద్దమనిషి ఉద్యోగం వదిలేస్తానని కాగితం రాసిచ్చాడు, ఏడాది కూడా నిండని ఒక పసిపిల్ల బంగారు రింగులు ఉండాల్సిన చోట వేపపుల్లలు పెట్టుకుని తిరిగింది. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు నేను ఏం మాట్లాడాలో తెలియకుండానే బతికాను. ఎవరికీ ఏమీ కాలేదు.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన మూడో ఏడు అది. మాది ఆ పక్కనే ఉన్న పాల్మాకుల. మా నాన్న, అదే బాపు, కూరగాయలు పండిస్తాడు. నేను ఇంటర్ చదివి, ట్రాలీల కాంట్రాక్టు తీసుకున్న ఒక కంపెనీలో చేరాను. ప్రయాణికులు సామాన్లు పెట్టుకుని తోసుకుపోయి, పార్కింగులో ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను ఏరుకొచ్చి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, పొడవాటి వరుసగా చేసి, మళ్లీ తలుపుల దగ్గర పెట్టడం మా పని. చెప్పుకోవడానికి చిన్నదే గానీ, ఇరవై ట్రాలీల వరుసను మలుపు తిప్పి చూడండి, ఎవరి నడుము ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆ మలుపు తిప్పడం నాకు నేర్పింది మల్లేశన్న. యాభై దాటిన మనిషి. రోడ్డు వెడల్పులో ఉన్న కాస్త భూమీ పోయాక ఈ పనిలోకి వచ్చాడు. ట్రాలీల వరుసను ఎడ్లను అదిలించినట్టు నాలుక చప్పరిస్తూ తోలేవాడు. మీరు నవ్వుతారు గానీ, అవి ఆయన మాట వినేవి. నేను తోస్తే గోడకు పోయే వరుస, ఆయన "హై... హై..." అనగానే బుద్ధిగా మళ్లేది. పై పళ్లు రెండు లేవు. నవ్వితే నోట్లో చీకటి కనిపించేది. రోజూ ఇంటి దగ్గర నుంచి స్టీలు ఫ్లాస్కులో చాయ తెచ్చి, మొదటి కప్పు నాకే పోసేవాడు.

నిజానికి సూపర్‌వైజర్ కావాల్సింది ఆయనే. కానీ రిజిస్టరు రాయాలి, ఆయనకు చదువు రాదు. అందుకని నన్ను చేశారు. చేసిన వారానికే కంపెనీవాళ్లు కొత్త సూపర్‌వైజర్లు ఆరుగురినీ ఏసీ గదిలో కూర్చోబెట్టి "ఇంట్లో, పనిలో మంచిగా మాట్లాడటం ఎలా" అని ఒకరోజు శిక్షణ ఇప్పించారు.

శిక్షణ ఇచ్చినాయన విజయవాడ వైపు మనిషి. చాలా మర్యాదస్థుడు. కుర్చీని కూడా "అండీ" అనేలా ఉన్నాడు.

"చూడండీ, ఎదుటివారు చెప్పిన మాటను మనం మన నోటితో మళ్లీ చెప్పాలండీ. అప్పుడు వారికి 'నా మాట విన్నారు' అన్న తృప్తి కలుగుతుందండీ" అన్నాడు.

రాసుకున్నాను.

"ఎవరి తప్పయినా చెప్పాలంటే ముందు మెచ్చుకోవాలండీ, మధ్యలో తప్పు చెప్పాలండీ, చివర మళ్లీ మెచ్చుకోవాలండీ. దీన్ని శాండ్‌విచ్ అంటారు."

మా ఆరుగురిలో ఎవరూ అది తిన్న పాపాన పోలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వెనక నుంచి ఖాజాభాయ్ చెయ్యెత్తి, "అంటే బన్‌మస్కా లెక్కనా సార్?" అన్నాడు. గదంతా ఒక్కసారి వెలిగింది. పైన బన్ను, కింద బన్ను, మధ్యలో మస్కా, అంటే వెన్న. నేను బన్‌మస్కా బొమ్మ కూడా గీసుకున్నాను.

"ఎవరైనా ప్రశ్న అడిగితే గబుక్కున జవాబివ్వకండీ. మూడు లెక్కపెట్టేంతసేపు కళ్లలోకి చూడండీ. ఇక చివరిది. 'నువ్వు ఇలా చేశావు' అనకుండా, 'నాకు ఇలా అనిపించింది' అనండీ."

అదీ రాసుకున్నాను. ఆయన వీటన్నిటికంటే ముందు ఇంకేదో అన్నాడని, అది "మొదట శ్రద్ధగా వినాలండీ" అన్న మాటని, చాలాకాలం తర్వాత ఖాజాభాయ్ చెప్పాడు. ఆ సమయంలో నేను నోటుపుస్తకం మీద పేరు రాసుకుంటున్నాను.

మర్నాడు సాయంత్రం ఇంట్లో సుజాత జొన్నరొట్టెలు కొడుతోంది. మాకు పెళ్లయి రెండేళ్లు. ఆమె అమ్మగారిల్లు కాటేదాన్‌లో. మామయ్య అక్కడ ప్లాస్టిక్ పైపుల కార్ఖానాలో పని చేసేవాడు. బాపు గడప దగ్గర పళ్లెం ముందు కూర్చున్నాడు.

"ఆదివారం అక్క బిడ్డకు చెవులు కుట్టిస్తున్నరు" అంది సుజాత.

ఇంకేం కావాలి? మెడ ముందుకు వంచాను. కళ్లు పెద్దవి చేశాను. "అంటే, ఆదివారం మీ అక్క కూతురికి చెవులు కుట్టిస్తున్నారని నువ్వు చెబుతున్నావు" అన్నాను, టీవీలో వార్తలు చదివేవాడిలా.

రొట్టె కొట్టే చెయ్యి ఆగింది. "ఆఁ, గదే చెప్తున్న. రింగులు మనమే పెడుతున్నం. శంషాబాద్‌ల సేటు తాన తయారైనయ్. నువ్వు తీస్కరావాలె."

"రింగులు సేటు దగ్గర నుంచి నేను తీసుకురావాలని నువ్వు కోరుకుంటున్నావు."

"ఆఁ. నేను శనివారమే అమ్మోళ్లింటికి పోత. అక్కోళ్ల కొత్తిల్లు నీకు తెల్వదు గద. ఆదివారం పది గంటలకు ఆరాంఘర్ బస్టాపుకాడ నిలవడ్త. నువ్వు బస్సు దిగంగనే తోల్కపోత."

"పది గంటలకు నువ్వు ఆరాంఘర్ బస్టాపులో నిలబడతావు. నేను బస్సు దిగగానే నన్ను తీసుకుపోతావు."

సుజాత ముఖంలో అంత వెలుగు పెళ్లి ఫొటోల్లో కూడా లేదు. "రెండేండ్లకు ఇయ్యాల నా మాట మొత్తం ఇన్నవ్" అంది.

బాపు మాత్రం చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "నా చెవులు పాడైనయా ఏందిరా శ్రీశైలం? ఒక్కో మాట రెండుసార్లు ఇనవడుతుంది."

మీకు నిజం చెప్పాలి. నేను ఒక్క అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పాను. లోపలికి మాత్రం ఒక్కటీ పోలేదు. అద్దం ముందు మీరు రోజూ నిలబడతారు, మీరెవరో అద్దానికి గుర్తుంటుందా? నా దృష్టంతా వాక్యం సరిగ్గా తిప్పానా లేదా అన్నదాని మీదే ఉంది.

శనివారం పొద్దున సంచి పట్టుకుని బయల్దేరుతూ, "రేపు యాదికుంది గద?" అంది.

"రేపటి సంగతి యాదికుందా అని నువ్వు అడుగుతున్నావు" అన్నాను.

నవ్వుకుంటూ బస్సెక్కింది, పాపం.

ఆదివారం పొద్దున పది గంటలకు, అంటే ఆమె ఆరాంఘర్ బస్టాపులో కొత్త చీర కట్టుకుని ప్రతి బస్సు తలుపూ చూస్తున్న సమయానికి, నేను డ్యూటీలో మల్లేశన్నకు బన్‌మస్కా తినిపిస్తున్నాను.

మల్లేశన్నలో ఉన్న తప్పు ఒక్కటే. చాయ తాగే సమయానికి ట్రాలీల వరుస ఎక్కడుంటే అక్కడే వదిలేసేవాడు. ఆ రోజు ప్రయాణికులు బయటికొచ్చే తలుపుకు అడ్డంగా వదిలి, ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. మామూలు రోజయితే "అన్నా, జర జరుపు" అనేవాణ్ని. ఆయన జరిపేవాడు. అక్కడితో అయిపోయేది. కానీ నేనిప్పుడు శిక్షణ పొందిన మనిషిని.

"మల్లేశన్నా, ఈ షిఫ్టులో నీ అంత కష్టపడే మనిషి మరొకరు లేరు" అన్నాను. ఇది పై బన్ను.

ఆయన అనుమానంగా చూశాడు. "ఏమైంది తమ్మీ, పానం మంచిగనే ఉన్నదా?"

"అయితే, వరుసను తలుపుకు అడ్డంగా నిలుపుతున్నావు. దానివల్ల ప్రయాణికులకు ఇబ్బంది కలుగుతోంది." ఇది మస్కా.

"అయ్యో, జరుపుత తియ్. గింత దానికి..."

నాకో కప్పు చాయ పోసి, జరిపేవాడే. అక్కడ ఆగిపోతే ఈ కథే లేదు. కానీ కింది బన్ను మిగిలిపోయింది కదా! చేయి గుండె మీద పెట్టుకుని, "అయినప్పటికీ మల్లేశన్నా, నీ సేవలను ఈ కంపెనీ ఎన్నటికీ మరువదు" అన్నాను.

చాయ పోస్తున్న చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. మా వైపు ఆ మాట రెండే సందర్భాల్లో అంటారు. ఒకటి, శాలువా కప్పి ఇంటికి పంపించేటప్పుడు. రెండోది, ఫొటోకు దండ వేసేటప్పుడు.

"మరువదంటె... నన్ను తీసేస్తున్నరా తమ్మీ?"

"నిన్ను తీసేస్తున్నారని నువ్వు అనుకుంటున్నావు" అన్నాను.

"నేననుకుంటలే, నువ్వంటున్నవ్! పైనోళ్లు చెప్పమన్నరా?"

"పైవాళ్లు చెప్పమన్నారా అని నువ్వు అడుగుతున్నావు."

"అవ్, అడుగుతున్న! చెప్పరాదు మరి?"

ప్రశ్న వచ్చింది. మూడు లెక్కపెట్టాలి. ఆయన కళ్లలోకి చూస్తూ ఒకటి... రెండు... మూడు అనుకున్నాను. ఆ మూడు అంకెల్లో మల్లేశన్న ముఖం ఎండిన చెరువులా అయిపోయింది. నేను నోరు తెరిచేలోగా, "ఇగ తెలిసింది తియ్" అని ఫ్లాస్కు మూత బిగించేశాడు. వరుసను పక్కకు జరిపాడు. ఆ రోజు ఒక్కసారి కూడా నాలుక చప్పరించలేదు. నాకు పోసిన కప్పు సిమెంటు దిమ్మె మీద అలాగే చల్లారిపోయింది.

డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టాలి. మధ్యాహ్నం తీసి చూస్తే సుజాత పదకొండు సార్లు చేసింది. ఎందుకు చేసిందా అని, మీరు నమ్మండి, అప్పటికి కూడా నాకు తట్టలేదు. తిరిగి చేస్తే అత్తమ్మ ఎత్తింది.

"ఏంది అల్లుడా, గిట్లజేస్తవా? పిల్ల రెండు గంటలు ఎండల నిలవడ్డది. బస్సు ఆగినప్పుడల్లా ఎదురు ఉరికింది. కంసలాయన సూది పట్టుకొని గంట కూసున్నడు. ఆఖరికి వేపపుల్లలు గుచ్చి పోయిండు. అక్కోళ్ల అత్త ఏమన్నదో ఎర్కనా? 'చిన్నమ్మ పెట్టింది బంగారమా, పండ్లు తోముకునే పుల్లనా' అన్నది, అందరి ముంగట!"

అప్పుడు గుర్తొచ్చింది. అంతా ఒక్కసారే, వరుసగా, నా గొంతులోనే గుర్తొచ్చింది.

ఫోను సుజాత చేతికి వెళ్లింది. ఏడ్చి ఏడ్చి ముక్కు పట్టేసిన గొంతుతో, "వస్తనన్నవ్ గద?" అంది.

ఇక్కడ ఏ మనిషైనా ఏమంటాడు? తప్పయిందంటాడు. మరి నేనేమన్నాను? "నేను వస్తానని ఎక్కడన్నాను? నువ్వు చెప్పింది తిరిగి చెప్పానంతే" అన్నాను.

ఫోన్లో చాలాసేపు చప్పుడు లేదు. ఆమె కూడా మూడు లెక్కపెడుతోందేమో అనుకున్నాను.

"మంచిది. ఇగ నేను చెప్పేది లేదు, నువ్వు మల్ల చెప్పేది లేదు" అని పెట్టేసింది.

సోమవారం మల్లేశన్న ఎవరితోనో రాయించిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. శుక్రవారం దాకా వస్తానని, ఆ తర్వాత పని మానేస్తున్నానని అందులో ఉంది. కింద సంతకం మాత్రం ఆయనదే, అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నట్టుంది.

"నిన్నెవలు తీసేస్తలేరన్నా. నేను ఉత్తగనే అన్న" అన్నాను, శిక్షణంతా మర్చిపోయి.

"ముందుగాల అందరు గట్లనే అంటరు తమ్మీ. వాళ్లు తియ్యకముందే మనమే పోతే ఇజ్జత్ ఉంటది."

"నీ మీద ఒట్టన్నా!"

"ఒట్టుగూడ ఆ కోర్సుల చెప్పిండ్రా?"

ఇదీ నా పరిస్థితి. నేను ఏమన్నా అందరికీ బన్ను వాసనే వస్తోంది. మా షిఫ్టులో మిగతా ఎనిమిది మందీ మల్లేశన్న వైపు చేరిపోయారు. మా అందరి నడుములకూ వాకీటాకీలుండేవి. సెట్టు అనేవాళ్లం. మామూలుగా పొద్దంతా అందులో జోకులు, పాటలు, ఎవడి టిఫిన్‌లో ఏముందో వార్తలు. ఇప్పుడు నేను పిలిస్తే "ఓవర్" తప్ప ఇంకో మాట లేదు. మల్లేశన్నకు ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదని, కూతురు నర్సింగు చదువుతోందని నాకు తెలుసు. కాగితాన్ని మేనేజర్‌కు ఇవ్వలేదు. జేబులోనే పెట్టుకుని తిరిగాను. శుక్రవారం మాత్రం ఆగకుండా దగ్గరికొస్తోంది.

ఇంటికెళితే బాపు. మొగుడూ పెళ్లాల మధ్యకు ఎన్నడూ రాని మనిషి, బుధవారం నాడు ఉండబట్టలేక అన్నాడు: "పోయి తోల్కరారా."

"పోయి ఏమనాలె బాపు?"

"తప్పయిందను."

"గంతేనా?"

"ఇంకేం గావాలె?"

బాపు శిక్షణ పొందలేదు కాబట్టి అలా అన్నాడనుకున్నాను. నేనేమో నోటుపుస్తకం తీసి ఆఖరి సూత్రం మళ్లీ చదివాను. నాకు ఎలా అనిపించిందో చెప్పాలి. రెండు రోజులు కష్టపడి ఒక నిండు పేజీ రాశాను. కొట్టివేతలతో కలిపితే మూడు పేజీలు. ఈసారి వార్తల భాషలో కాదు, ఇంట్లో మాట్లాడే భాషలోనే రాశాను. అంత తెలివి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పార్కింగు చివర స్తంభం చాటుకు వెళ్లాను. మర్నాడు నాకు సెలవు, కాటేదాన్ పోవాలి. దానికి సాధన. ఒక ట్రాలీని ఎదురుగా పెట్టుకుని, అదే సుజాత అనుకుని, దాని పిడి మీదికి వంగి కాగితం చూస్తూ మొదలుపెట్టాను.

"నువ్వు మాట్లాడక ఐదు దినాలైంది. నాకు ఐదేండ్ల లెక్క అనిపిస్తుంది. బువ్వ దిగుతలేదు. నీ చేతి చాయ తాగక నోరంత చేదైంది. తప్పు నాదే. నీ మనసు ముక్కలు చేసిన. పెద్ద తెలివిగల్లోన్ని అనుకొని మాట్లాడిన. నువ్వు లేకుంటే నేను ఒంటి చెయ్యోన్ని. నీ నవ్వు సూడక నా కండ్లు కాయలు కాసినై. కోపం ఇడిసిపెట్టు. నా మీద దయుంచి వాపస్ రా."

బాగా వచ్చింది. ఇంకోసారి, ఇంకా బాగా చెప్పాను. మూడోసారి "నీ నవ్వు" దగ్గర కాస్త ఆగి, నిట్టూర్పు కూడా కలిపాను. అప్పుడు నిటారుగా లేచాను. నేను లేవగానే నడుము దగ్గర సెట్టు గుర్రుమంది. ట్రాలీ పిడికీ నా పొట్టకూ మధ్య దాని మీట నొక్కుకుపోయి ఉంది. ఒకరి మీట నొక్కి ఉన్నంతసేపు మిగతావాళ్లు వినాలే తప్ప మాట్లాడటానికి ఉండదు.

మొట్టమొదట వినిపించింది మేనేజర్ గొంతు. "శ్రీశైలం, చాలా బాగుంది. ఇక ఛానల్ వదులు."

సెట్టును అరచేత్తో మూసేశాను. స్తంభం అవతల నుంచి ట్రాలీ చక్రాల మోత దగ్గరికొచ్చింది. మల్లేశన్న. ఆయన వెనక మిగతా ఎనిమిది మంది. ఆయన కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి.

"తమ్మీ!" అని నన్ను రెండు చేతులతో వాటేసుకున్నాడు. "గింత బాధ కడుపుల పెట్టుకొని తిరుగుతున్నవా? నా చాయ కోసం నోరు చేదైందా నీకు?"

నా నోరు తెరుచుకుంది.

"నా నవ్వు... నా ఇంటామె గూడ ముప్పై ఏండ్ల నుంచి గీ మాట అనలేదు తమ్మీ" అని, రెండు పళ్లు లేని నోటితో నా కోసం ప్రత్యేకంగా నవ్వి చూపించాడు.

మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకడు ముక్కు చీదుకున్నాడు. వెనక ఎవరో ప్రయాణికుడు రెండు పెట్టెలు పట్టుకుని "భయ్యా, ట్రాలీ" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మల్లేశన్న నా జేబులోంచి తన రాజీనామా తీసి నాలుగు ముక్కలు చేశాడు. నా చేతిలో ఉన్న పేజీని మాత్రం మెల్లగా లాక్కుని, మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. "గిది నేను దాసుకుంట. బిడ్డతోని సదివిపించుకుంట."

చెప్పండి, నేనేం చెయ్యాలి? "అన్నా, అవి నా భార్య కోసం" అనగల గుండె మీలో ఎవరికైనా ఉంటే రండి. నాకు లేదు. చాయ తాగాను. రెండు కప్పులు.

మర్నాడు సేటు దగ్గర రింగులు తీసుకుని శంషాబాద్ బస్టాపుకు వచ్చేసరికి మల్లేశన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. సుజాత అలిగిందని ముందురోజు చాయ తాగుతూ నోరు జారాను.

"నువ్వొక్కనివే పోతే మల్ల ఏదో ఒకటి అంటవ్. నేనొస్త. నీ దిల్ ఎసొంటిదో నేను చెప్త" అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

కాటేదాన్‌లో అత్తమ్మ ముఖం పక్కకు తిప్పుకునే తలుపు తీసింది. రింగుల డబ్బీ ఆమె చేతిలో పెట్టాను. మంచినీళ్లు వచ్చాయి, సుజాత రాలేదు. కాసేపటికి వచ్చి తలుపును ఆనుకుని నిలబడింది. నన్ను చూడలేదు. ఐదారు రోజులకే చిక్కిపోయినట్టు కనిపించింది. నేను గొంతు సవరించుకుని ఇంకా నోరు తెరవనే లేదు, మల్లేశన్న మొదలుపెట్టాడు.

"చెల్లె, మీ ఆయన అసొంటి మనిషి దునియాల లేడు. నాతోని ఒక్క మాట జారిండని ఎంత పరేషానైండో ఎర్కనా? పది మంది ముంగట సెట్ల తప్పు ఒప్పుకున్నడు. ఏమన్నడో చెప్పనా?"

"వద్దన్నా" అన్నాను.

"నువ్వూకో. ఇనమ్మా. 'నువ్వు మాట్లాడక ఐదు దినాలైంది, నాకు ఐదేండ్ల లెక్క అనిపిస్తుంది' అన్నడు."

చదువు రాని మనిషి జ్ఞాపకశక్తి ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. ఒక్క మాట వదల్లేదు. బువ్వ దిగకపోవడం, చాయ, ముక్కలైన మనసు, ఒంటి చెయ్యి, అన్నీ వరుసగా, నేను ఆగిన చోట ఆగుతూ, నా నిట్టూర్పుతో సహా అప్పజెప్పాడు. మొదట్లో సుజాత పెదవి బిగిసింది. పరాయివాళ్ల కోసం ఇంత బాధపడే మనిషి నాకు ఒక్క ఫోను చెయ్యలేదే అన్నట్టు నన్ను చూసింది. ఆ చూపుకు నేను నేలలోకి దిగిపోయాను.

"'నీ నవ్వు సూడక నా కండ్లు కాయలు కాసినై' అన్నడమ్మా!" అని మల్లేశన్న నవ్వాడు.

సుజాత ఆయన నోటి వైపు చూసింది. ఆ రెండు పళ్ల ఖాళీని చూసింది. తర్వాత నన్ను చూసింది. మళ్లీ ఆ ఖాళీని చూసింది. చటుక్కున గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

"ఏడుస్తుంది పిల్ల" అంది అత్తమ్మ, తనూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

కొంతసేపటికి సుజాత ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అన్నకు గిన్ని చెప్పినవ్. మరి నాకేం చెప్తవ్?" అంది.

నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. నా పేజీ పక్కవాడి జేబులో ఉంది. అవి నీకోసమే అంటే మల్లేశన్న అక్కడే కుప్పకూలిపోతాడు. అనకపోతే ఈమె రాదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏ సూత్రమూ గుర్తు రాలేదు.

"నువ్వు చెప్తుంటే నేను ఇనలే" అన్నాను. "నోటితోని మల్ల చెప్పిన గని, ఇనలే. రింగులు మర్శిపోయిన. నువ్వు ఎండల నిలవడ్డవ్. అందరు నిన్ను అన్నరు. గది చాలదని ఫోన్ల వంకర మాట మాట్లాడిన. తప్పయింది."

సుజాత లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది అనుకున్నాను. సంచి సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"జర గీ డబ్బ దించుదువు రా" అని వంటింట్లోంచి పిలిచింది. వెళితే అక్కడ దించాల్సిన డబ్బా ఏదీ లేదు. దగ్గరికొచ్చి మెల్లగా, "గవి నాయే గద?" అంది.

తల ఊపాను.

కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు వంగిపోయింది. తేరుకుని, "అన్నకు చెప్పకు. చచ్చేదాక చెప్పకు" అంది. "గని నాయి నాకు కావాలె. ఇంటికి పోయినంక మొత్తం చెప్పాలె."

చెబుతానన్నాను. ఈసారి స్పష్టంగా, "చెప్త" అనే అన్నాను.

సాయంత్రం పాల్మాకులలో బాపు పొలం నుంచి ఇంకా రాలేదు. సుజాత చాప వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఊఁ, చెప్పు."

"నువ్వు మాట్లాడక ఐదు దినాలైంది..." అన్నాను.

"ఆఁ."

"బువ్వ..."

ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె అలా తిన్నగా చూస్తుంటే నా బుర్ర కడిగిన పళ్లెంలా ఉంది. మూడు సార్లు సాధన చేసిన మాటలు, రెండు రోజులు కూర్చుని రాసిన మాటలు ఒక్కటీ రాలేదు. చాయ ముందా, చెయ్యి ముందా?

"నాయి చెప్పనీకె రాదా?" అంది, ముఖం మళ్లీ మారుతూ.

వేరే దారి లేదు. ఫోను తీసి మల్లేశన్నకు చేశాను. "అన్నా, గా మాటలు జర ఒకపారి చెప్తవా?"

"ఏ మాటలు తమ్మీ?"

"నేను... నీకు చెప్పినయి."

అవతల తడిసిన గొంతు. "మల్ల ఇనాలనిపిస్తుందా? నాకు గూడ అట్లనే అయితుంది తమ్మీ. పొద్దటి సంది నాలుగుసార్లు అనుకున్న. ఇను."

సుజాత నా చేతిలోంచి ఫోను లాక్కుని స్పీకర్ పెట్టి, మా ఇద్దరి మధ్య చాప మీద ఉంచింది. అలా నా భార్య, నేను తన కోసం రాసిన ప్రేమనంతా, మొదటి నుంచి చివరి దాకా, పళ్లు లేని మల్లేశన్న గొంతులో విన్నది. "నీ నవ్వు" దగ్గరికి వచ్చేసరికి ఆయన ఏడ్చేశాడు. ఆమె చాప మీద పడి దొర్లుతోంది.

"తమ్మీ, ఏందో చప్పుడైతుంది. నువ్వు గూడ ఏడుస్తున్నవా?"

"అవునన్నా" అన్నాను.

మల్లేశన్న ఇప్పటికీ ఆ పేజీని బీరువాలో దాచుకున్నాడని విన్నాను. ఇది చదివిన మీరు ఎప్పుడైనా ఆయనకు ఎదురైతే దయచేసి నోరు మెదపకండి. ఇక నా సంగతి. ఇంటి దేవుడి మీద, కట్టుకున్న దాని మీద, నడుముకు కట్టిన ఆ సెట్టు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఎవరికైనా క్షమాపణ చెప్పాల్సి వస్తే, ఆ మనిషికే చెబుతాను, ఎదురుగా కూర్చుని చెబుతాను, ఒక్కసారే చెబుతాను. ట్రాలీకి మాత్రం చచ్చినా చెప్పను.